నవలలనుండి వచ్చిన చలనచిత్రములు: వానిని వెదకి కనుగొను విధము



పల్లెలలో సాయంకాలము నలుగురు గ్రంథాలయపు అరుగుమీద చేరినప్పుడు తరచుగా వచ్చు ప్రశ్న యొకటి కలదు. "ఈ సినిమా ఫలానివారి నవలయేనా?" అని యొకరడుగుదురు. అవునని యొకరు, కాదని మరియొకరు పట్టుపట్టుదురు. వాదము పెరుగును, కాఫీ చల్లారును, నిర్ణయము మాత్రము తేలదు. ఇప్పుడు ప్రతియింటను ఫోనున్నది. ఆ ఫోనులో లోకమందలి సినిమాల వివరములను చేర్చిన పట్టికలు ఉచితముగా దొరకుచున్నవి. వానిని సరిగా అడుగుట యెట్లు, అవి చెప్పిన మాటను ఎంతవరకు నమ్మవలెను, అను రెండు సంగతులను నేడు మనవి చేసెదను.

ఈ విషయమునకు నేను పూనుకొనుటకు కారణము నా స్వంత తప్పిదమే. మా పెదతల్లి కుమార్తె, నాకు అక్కగారు, ఎనుబదియైదేండ్ల వృద్ధురాలు. ఆమె పదునేడేండ్ల పిల్లగా నున్న కాలమున, అనగా 1957-58లో, డాక్టరు పి. శ్రీదేవిగారి "కాలాతీత వ్యక్తులు" అను నవల "తెలుగు స్వతంత్ర" వారపత్రికలో వరుసగా వెలువడెను. వారము వారము ఆ పత్రికకై ఎదురుచూచి, వంటయింటి మూల కూర్చుండి చదివిన దినములను ఆమె నేటికిని చెప్పుచుండును. రెండేండ్ల క్రిందట ఆమె కన్నులు మసకబారినవి. ఒకనాడు నన్ను పిలిచి, "తమ్ముడూ, చదవడం ఇంక నావల్ల కాదు. ఆ నవలని సినిమాగా ఏమైనా తీశారేమో చూడరా. బొమ్మలైతే కొంచెం పెద్దగా కనిపిస్తాయి గదా" అని అడిగెను.

నేను వెంటనే ఫోను తీసి, ఒక సినిమాల పట్టికలో "కాలాతీత వ్యక్తులు" అని కొట్టితిని. ఏదియు రాలేదు. "లేదక్కయ్యా, తీయలేదు" అని చెప్పితిని. ఆమె "సరేలే" అని ఊరకుండెను. ఏడు నెలలు గడచిన పిమ్మట, వేరొక పనిమీద శ్రీదేవిగారిని గూర్చి చదువుచుండగా, ఆ నవల 1963లోనే చలనచిత్రముగా వచ్చినదని తెలిసెను. దాని పేరు "చదువుకున్న అమ్మాయిలు". ఆ చిత్రపు పాటలను మా అక్కగారు రేడియోలో ఎన్ని వందల మారులు వినియుండునో! అది తన నవలయని ఆమెకు తెలియదు, నాకును తెలియదు. ఈ ఏడు నెలలలో ఆమె కుడికంటి చూపు పూర్తిగా పోయినది.

మీమాంసకులలో భాట్టులు అనుపలబ్ధి యను ప్రమాణము నొకదానిని అంగీకరించిరి. నేలమీద కుండ కనబడకున్నచో అచ్చట కుండ లేదని తెలియుట అనుపలబ్ధి. అయితే దానికొక నియమము కలదు. కుండ ఉన్నయెడల కనబడదగిన వెలుతురు ఉండవలెను. చీకటిగదిలో నిలిచి "కుండ కనబడలేదు గనుక కుండ లేదు" అనుట ప్రమాణము కాదు. నేను చేసిన పని అదియే. చీకటిలో చేయి చాచి, చేతికి తగులలేదు గనుక లేదని తీర్పు చెప్పితిని. "దొరకలేదు" అనుట వేరు, "లేదు" అనుట వేరు. నేటి ప్రసంగమునకు ఇదియే సారము.

మన తెలుగు చిత్రములకును నవలలకును గల సంబంధము చాల పాతది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి "బారిస్టరు పార్వతీశము" 1940లోనే తెరకెక్కెను. తరువాత వంగదేశపు నవలలు వరదవలె వచ్చినవి. శరత్ బాబు వ్రాసిన "దేవదాసు" 1953లో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున తెలుగువారి యింటి కథయే అయిపోయెను. విశ్వనాథ సత్యనారాయణగారి "ఏకవీర" 1969లో చిత్రమయ్యెను. పిమ్మట స్త్రీల నవలలకు మంచి కాలము వచ్చెను. కోడూరి కౌసల్యాదేవిగారి "ప్రేమనగర్" 1971లోను, యద్దనపూడి సులోచనారాణిగారి "మీనా", "జీవన తరంగాలు" 1973లోను, "సెక్రటరీ" 1976లోను, రంగనాయకమ్మగారి "బలిపీఠం" 1975లోను చిత్రములైనవి. ఇవి పేరు మారక వచ్చినవి కావున వీనిని కనుగొనుట సులభము. నవల పేరు కొట్టినచో సినిమా వచ్చును. చిక్కు తక్కినవానితో.

తర్కశాస్త్రమున ఒక వస్తువునకు లక్షణము చెప్పునప్పుడు రాదగని దోషములను చెప్పియున్నారు. "కపిలవర్ణము గలది గోవు" అన్నచో తెల్లయావు విడిచిపోవును. ఇది అవ్యాప్తి. "కొమ్ములు గలది గోవు" అన్నచో గేదెయు మేకయు వచ్చి చేరును. ఇది అతివ్యాప్తి. "నవల పేరే సినిమా పేరు" అను లక్షణమును పట్టుకొని వెదకువానికి ఈ రెండు దోషములును తగులును.

మొదట అవ్యాప్తిని చూతము. కౌసల్యాదేవిగారి "చక్రభ్రమణము" 1964లో "డాక్టర్ చక్రవర్తి" యయ్యెను. సులోచనారాణిగారి "విజేత" 1972లో "విచిత్రబంధం" అయ్యెను. యండమూరి వీరేంద్రనాథ్ గారి "డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు" 1984లో "ఛాలెంజ్" అయ్యెను. శరత్ బాబుగారి "నిష్కృతి" మనకు 1957లో "తోడికోడళ్ళు"గా వచ్చెను. ఆయనదే "దత్త" అను నవల 1961లో "వాగ్దానం" అయ్యెను. "బడదీదీ" యనునది ఆ సంవత్సరముననే "బాటసారి" యయ్యెను. మణిలాల్ బెనర్జీగారి "స్వయంసిద్ధ" 1955లో "అర్ధాంగి" అను పేర తెరకెక్కెను. నవల చదివినవాడు పేరునకు అర్థమును పుస్తకము ముగిసినపిమ్మట గ్రహించినను చాలును. టిక్కెట్టు కొనువానికి మాత్రము గోడమీది కాగితమును చూచినప్పుడే అది తెలియవలెను. పేర్లు మారుటకు ఇదియొక కారణము కావచ్చును. కారణమేదైనను ఫలమొక్కటియే. నవల పేరుతో వెదకువాడు ఈ చిత్రములన్నిటిని విడిచివేయును.

ఇక అతివ్యాప్తి. 1985లో "విజేత" అను చిత్రము వచ్చెను. పేరు చూచి అది సులోచనారాణిగారి నవల యనుకొనుట సహజము. కాని అది బెంగాలీ, హిందీ భాషలలో "సాహెబ్" అను పేర వచ్చిన కథ. ఆమె "విజేత" పదమూడేండ్ల మునుపే "విచిత్రబంధం"గా వచ్చియుండెను. రంగనాయకమ్మగారు "కృష్ణవేణి" అను నవల వ్రాసిరి. 1974లో "కృష్ణవేణి" యను చిత్రమును వచ్చెను. ఆ చిత్రము మాత్రము కన్నడమున త్రివేణిగారు వ్రాసిన "శరపంజర" అను నవలనుండి, ఆ పేరుతోనే 1971లో వచ్చిన కన్నడ చిత్రము ద్వారమున మనకు చేరినది. 2006లో వచ్చిన "దేవదాసు"కును శరత్ బాబు నవలకును సంబంధము లేదు. 1938 నాటి "మాలపిల్ల" చిత్రమును ఉన్నవ లక్ష్మీనారాయణగారి "మాలపల్లి" యని తలంచువారు నేటికిని కలరు. దాని కథ చలముగారిది. రెండక్షరముల తేడాతో రచయితయే మారిపోయినాడు.

ఈ వరుసలో నాదియు నొక అపరాధము కలదు. బుచ్చిబాబుగారి "చివరకు మిగిలేది" అను నవలను పాఠశాలలో పిల్లలకు పరిచయము చేయునప్పుడెల్ల, "దీనినే సావిత్రిగారు నటింపగా 1960లో సినిమాగా తీసినారు" అని చెప్పెడివాడను. ఎన్ని సంవత్సరములు అట్లు చెప్పితినో లెక్కలేదు. ఆ చిత్రము వేరు. 1959లో వచ్చిన "దీప్ జ్వేలే జాయ్" అను బెంగాలీ చిత్రమునకు అది తెలుగు రూపము. దాని మూలము ఆశుతోష్ ముఖోపాధ్యాయగారి కథ. పేరొక్కటియే సమానము. నా నోటిమాటను నమ్మి పరీక్షలలో వ్రాసిన శిష్యు లెందరో! వారిలో కొందరు నేడు ఉపాధ్యాయులు. ఆ తప్పు ఏ పల్లెవరకు పోయినదో నాకు తెలియదు. అందుచేతనే ఇప్పుడు రేడియోలో చెప్పుకొనుచున్నాను.

ఇక పట్టికల సంగతి. డేటాబేసు అను మాట విని బెదరవలసిన పనిలేదు. కరణముగారి దస్త్రమును చూచినవారికి ఇది క్రొత్త కాదు. అడంగలులో ఒక్కొక్క సర్వే నంబరునకు ఒక వరుస, ఆ వరుసలో విస్తీర్ణము, సాగుబడి, అనుభవదారు అని గడులు ఉండును గదా. డేటాబేసును అట్టిదే. ఒక్కొక్క చిత్రమునకు ఒక వరుస, ఆ వరుసలో సంవత్సరము, భాష, దర్శకుడు, నటులు, కథ వ్రాసినవారు అని గడులు. అయితే దస్త్రములో నంబరును బట్టియే వెదకగలము. ఇందులో ఏ గడిని పట్టుకొని యైనను వెదకవచ్చును. ఈ సౌకర్యమును తెలియక పేరుగడిని మాత్రమే పట్టుకొనుట మన అలవాటు.

ఇట్టివానిలో ముఖ్యమైనవి మూడింటిని చెప్పెదను. మొదటిది ఇంటర్నెట్ మూవీ డేటాబేసు. పొడి అక్షరములతో ఐ.ఎం.డి.బి. అందురు. 1990లో కాల్ నీడమ్ అను ఇంగ్లండు దేశీయుడు సినిమాల పిచ్చిచేత ప్రారంభించిన జాబితా ఇది. 1998లో అమెజాన్ కంపెనీవారు కొనిరి. ఇందులో ప్రతి చిత్రమునకును రచన అను విభాగము కలదు. కథ యెవరిది, మాటలు ఎవరివి, మూలనవల ఎవరిది అని అచ్చట వ్రాయుదురు. అంతకంటె మేలైనది మరియొకటి. రచయిత పేరును నొక్కినచో, ఆయన రచనలనుండి వచ్చిన చిత్రములన్నియు ఒకచోట కనబడును. శరత్ బాబు పేరు నొక్కి చూడుడు. 1928 నాటి మూకీ దేవదాసు మొదలుకొని, 1935 బెంగాలీ, 1936 హిందీ, 1953 తెలుగు, 1955 హిందీ, 2002 హిందీ చిత్రములవరకు ఆయన సంతానము వరుసగా నిలుచును. విస్తృతముగా వెదకు విభాగమొకటి వేరుగా కలదు. అచ్చట "నవల ఆధారముగా" అను గుర్తుమాటను, తెలుగు భాషను, కావలసిన సంవత్సరములను కలిపి అడుగవచ్చును. ఇందులోని లోపమేమనగా, చాలవరకు ఇంగ్లీషు లిపిలో నుండును. మన పేర్లను ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా వ్రాయుదురు.

రెండవది వికీపీడియా. ఇది 2001లో ఇంగ్లీషున పుట్టినది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనది. ఇది పట్టిక కాదు, విజ్ఞానసర్వస్వము. అయినను మన పనికి ఇది చాల ఉపకరించును. ఏలయన, ఇచ్చట మన లిపిలోనే అడుగవచ్చును. సినిమాకు ఒక పుట, నవలకు ఒక పుట, రచయితకు ఒక పుట ఉండును. ఒకదానినుండి మరియొకదానికి దారులు వేసియుందురు. రచయిత పుటలో "సినిమాలుగా వచ్చిన నవలలు" అని విడిగా వ్రాసియుండుట కలదు. పుటల అడుగున వర్గములు అని యుండును. నవలలను బట్టి తీసిన చిత్రములను ఒక వర్గముగా కూర్చియుందురు. ఇంకొక ఉపాయము: ఈ పుటకు ఏయే పుటలనుండి దారులు కలవో చూపు మీట యొకటి ప్రక్కన ఉండును. నవల పుట తెరచి ఆ మీట నొక్కితిమేని, ఆ నవలను పేర్కొనిన సినిమా పుట దానంతట అదే బయటపడును.

మూడవది వికీడేటా. 2012లో మొదలైనది. ఇందులో వ్యాసము లుండవు, వాక్యము లుండును. ప్రతి వాక్యమునకును మూడు ముక్కలు. "డాక్టర్ చక్రవర్తి" అనునది మొదటి ముక్క, "ఆధారము" అనునది రెండవది, "చక్రభ్రమణము" అనునది మూడవది. కర్త, క్రియ, కర్మ అని చిన్నపిల్లలకు చెప్పినట్లే. ఇట్టి వాక్యములు కోట్లకొలదిగా ఉన్నవి. వీనిని కంప్యూటరు చదువగలదు గనుక మనము నియమములు పెట్టి అడుగవచ్చును: ఏది చలనచిత్రమో, దేని మూలభాష తెలుగో, దేనికి ఒక గ్రంథము ఆధారమో, ఆ గ్రంథము నవలయో, వానినన్నిటిని చూపుము అని. ఈ ప్రశ్నను వ్రాయుటకు ఒక లిపిసంకేతము కలదు. కాలేజీలో కంప్యూటరు చదువుకొనుచున్న మనుమడో మనుమరాలో అరగంటలో వ్రాసిపెట్టగలరు. మనము చెప్పవలసినది నియమములను మాత్రమే. అయితే ఒక హెచ్చరిక. తెలుగు చిత్రములు చాలవానికి ఆ "ఆధారము" అను గడి నేటికిని ఖాళీగానే యున్నది. కనుక ఇచ్చట వచ్చిన జాబితాను సంపూర్ణమని తలంపరాదు.

ఇప్పుడు వెదకు క్రమమును చెప్పెదను. నేను దెబ్బతిని నేర్చుకొనినది.

మొదటి నియమము: పేరుతో గాక రచయితతో మొదలుపెట్టవలెను. చిత్రమునకు పేరు మారవచ్చును, పాత్రలకు పేర్లు మారవచ్చును. మూలము వ్రాసినవారి పేరు సాధారణముగా మారదు. నేను ఆనాడు శ్రీదేవిగారి పేరు కొట్టియున్నచో, అయిదు నిమిషములలో మా అక్కగారికి జవాబు దొరకియుండెడిది.

రెండవది: ఆ పేరును కూడ రెండు మూడు విధములుగా కొట్టి చూడవలెను. శరత్ బాబు ఒకచోట చటోపాధ్యాయ, మరియొకచోట ఛటర్జీ. కౌసల్యాదేవిగారికి కోడూరి, ఆరికెపూడి అని రెండు ఇంటిపేర్లు వాడుకలో కలవు. స్త్రీల విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము. ఇంగ్లీషు లిపిలో అడుగునప్పుడు అచ్చులను మార్చి మార్చి చూడవలెను.

మూడవది: పరంపరను పైవరకు ఎక్కి చూడవలెను. చిత్రము పుటలో "ఫలాని భాషా చిత్రమునకు అనుకరణము" అని వ్రాసి విడిచిపెట్టుట కలదు. అంతతో ఆగరాదు. "మాంగల్యబలం" 1959లో వచ్చిన తెలుగు చిత్రము. దానికి మూలము 1954 నాటి "అగ్నిపరీక్ష" అను బెంగాలీ చిత్రము. ఆ చిత్రమునకు మూలము ఆశాపూర్ణాదేవిగారి నవల. బాపుగారి "వంశవృక్షం" 1980లో వచ్చినది. దానికి ముందు 1972లో కన్నడ చిత్రము, దానికి ముందు భైరప్పగారి కన్నడ నవల. తండ్రితో ఆగిన వంశావళిలో తాతగారి పేరు మరుగున పడును. 1950లోను మరల 1972లోను తెలుగున వచ్చిన "బీదలపాట్లు" మూలము వెదకుచు పోయినచో, 1862లో ఫ్రెంచి భాషలో విక్టర్ హ్యూగో వ్రాసిన "లే మిజరాబ్ల్" వరకు పోవలసియుండును.

నాలుగవది: భాషను కట్టడి చేయరాదు. తెలుగు నవలనుండి తెలుగు చిత్రమే రావలెనని నియమము లేదు. యండమూరివారి "వెన్నెల్లో ఆడపిల్ల" 1995లో "బెళదింగళ బాలె" అను కన్నడ చిత్రమయ్యెను. తెలుగు చిత్రములలో మాత్రమే వెదకువాడు దీనిని కానడు. అట్లే మన నేల కథ పరభాషలో పుట్టుటయు కలదు. తెలంగాణ రైతుల సాయుధపోరాటమును గూర్చి కిషన్ చందర్ ఉర్దూలో "జబ్ ఖేత్ జాగే" అను నవల వ్రాసెను. గౌతం ఘోష్ దర్శకత్వమున వచ్చిన మన "మా భూమి"కి అదియే ఆధారము.

అయిదవది: నవల, కథ, నాటకము అను భేదమును గమనింపవలెను. "కన్యాశుల్కము" 1955లో చిత్రమయ్యెను గాని అది నాటకము. మృణాల్ సేన్ 1977లో తీసిన "ఒక ఊరి కథ"కు మూలము ప్రేమచందుగారి "కఫన్" అను చిన్నకథ. నవలల జాబితాలో ఇవి లేకుండుట పట్టికవారి తప్పు కాదు.

ఆరవది: ఒక చిత్రము దొరకినచో దాని ఇరుగుపొరుగును చూడవలెను. "చదువుకున్న అమ్మాయిలు" చిత్రమును తీసినవారు అన్నపూర్ణా సంస్థవారు, దర్శకుడు ఆదుర్తి సుబ్బారావుగారు. "తోడికోడళ్ళు", "మాంగల్యబలం", "డాక్టర్ చక్రవర్తి" చిత్రములును ఆ సంస్థవే, ఆ దర్శకునివే. నవలలమీద మక్కువగల నిర్మాతలు, దర్శకులు కొందరుందురు. వారి చిత్రముల వరుసను చూచినచో మనము అడుగని ప్రశ్నలకును జవాబులు దొరకును.

ఇట్లు దొరకినదానిని వెంటనే నమ్మవచ్చునా? నమ్మరాదు. ఈ పట్టికలలోని సమాచారము చాలవరకు మనవంటి వాడుకదారులు వ్రాసినదే. తెలిసినవారును వ్రాయుదురు, తెలిసితెలియనివారును వ్రాయుదురు. నావంటి గురువు చెప్పిన తప్పును నమ్మిన శిష్యుడును వ్రాయును. ఒకరు వ్రాసిన దానిని చూచి మరియొకరు ఎత్తి వ్రాయుటయు కలదు. కనుక రెండు పట్టికలు ఒకే మాట చెప్పినంతమాత్రమున ఇద్దరు సాక్షులైనట్లు కాదు. ఒకే సాక్షి రెండుమారులు పలికియుండవచ్చును.

మంచి సాక్షి చిత్రమే. పాతచిత్రములు ఎన్నియో ఇప్పుడు ఫోనులోనే చూడ దొరకుచున్నవి. మొదట వచ్చు పేర్ల అట్టలను ఆపి ఆపి చదువవలెను. కథ, మూలకథ, మాటలు, చిత్రానువాదము అనునవి వేరు వేరు పనులు. "మాటలు" అను చోట పేరున్నవారు కథకర్త కానక్కరలేదు. రెండవ సాక్షి ఆ కాలపు పాటల పుస్తకము. సినిమాహాలు దగ్గర అణాకో బేడకో అమ్మిన ఆ చిన్నపుస్తకములలో కథాసంగ్రహమును, పనివారి పేర్లును అచ్చువేసెడివారు. మూడవది నవల తరువాతి ముద్రణలకు వ్రాసిన ముందుమాట. తన నవల చిత్రమైనదని రచయితయే అందు చెప్పుకొనుట కలదు. సంవత్సరముల విషయమున మాత్రము కొంచెము ఉదారముగా నుండవలెను. "మా భూమి"కి ఒకచోట 1979 అని, మరియొకచోట 1980 అని యుండును. చిత్రము తయారైన సంవత్సరమును ఒకరు, ప్రజలకు చూపిన సంవత్సరమును మరియొకరు వ్రాసినప్పుడు ఇట్టి భేదము వచ్చును. అది తప్పు కాదు.

ఇంత శ్రమ ఎందులకని మీలో ఎవరైన అడుగవచ్చును. సినిమా చూచి సంతోషించినచో చాలదా అని. దానికి సమాధానము శ్రీదేవిగారి జీవితములోనే కలదు. ఆమె 1929లో జన్మించి, వైద్యవిద్య చదివి, డాక్టరై, సాహిత్యసేవ చేసి, 1961లో కన్నుమూసినది. అప్పటికి ఆమెకు ముప్పదిరెండేండ్లు నిండలేదు. చిత్రము 1963లో వచ్చెను. తన కథను తెరమీద చూచుకొను భాగ్యము ఆమెకు కలుగలేదు. "ఇది నాది" అని నలుగురిలో చెప్పుకొనుటకు ఆమె లేదు. లేనివారి తరఫున చెప్పవలసినది చదివినవారే. ఆ చిత్రము పాటలు పాడుకొనునవారు ఎందరో కలరు. వారిలో పదిమందికైనను ఆ కథకు మూలము ఒక యువవైద్యురాలి నవల యని తెలిసినచో, అది ఋణము తీర్చుకొనుటయే.

ఈ విషయమున గ్రామవృద్ధులు చేయదగిన సాయము పట్టణవాసులు చేయలేరు. పట్టికలలో ఖాళీగానున్న గడులకు జవాబులు చాలవరకు మీ జ్ఞాపకములలోను, మీ అటకమీది పెట్టెలలోను ఉన్నవి. వారపత్రికల పుటలను చింపి దారముతో కుట్టుకొనిన నవలలు, పాటల పుస్తకములు, గ్రంథాలయపు బీరువాలో అట్టలూడిన తొలి ముద్రణలు, వీనిని పారవేయవలదు. మనుమలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పేర్లున్న పుటలకు ఫోనుతో ఫొటో తీయించుడు. వికీపీడియాలోనైనను, వికీడేటాలోనైనను సరిదిద్దు మీట అందరికిని తెరచియున్నది. దానికి రుసుము లేదు. జ్ఞాపకమును మాత్రమే బట్టి వ్రాయరాదు. కాగితము చూపి వ్రాయవలెను. ఈ ఒక్క నియమమును పాటించినచో, నావంటివాని తప్పు ఇంకొకరి పాఠములోనికి పోదు.

మా అక్కగారి సంగతి చెప్పి ముగించెదను. ఏడు నెలల పిమ్మట నేను పోయి, "అక్కయ్యా, నేను తప్పు చెప్పాను, ఆ సినిమా ఉంది" అని చెప్పితిని. ఆమె కోపపడలేదు. ఫోనును మా మేనల్లుని టెలివిజనుకు కలిపి, ఆమెను తెరకు జానెడు దూరమున కూర్చుండబెట్టితిమి. బొమ్మ అంతగా కనబడలేదు. ఆమె తల వంచుకొని మాటలనే వినుచుండెను. నేను ప్రక్కనుండి ఎవరు వచ్చిరో, ఎవరు పోయిరో చెప్పుచుంటిని. అంతయు విని, "ఇందిరను చాలా మెత్తబరిచారురా. నవలలో ఆ పిల్ల ఎవరికీ లొంగేది కాదు" అనెను. కొంతసేపటికి, "అయినా పోనీలే. మొత్తానికి శ్రీదేవి నవల ఇదే అని తెలిసింది. ఇక ఆ పాట వచ్చినప్పుడల్లా గుర్తొస్తుంది" అనెను. ఇప్పుడు ప్రతి ఆదివారము నేను పోయి ఆ నవలనే రెండు ప్రకరణములు చదివి వినిపించుచున్నాను. ఆ పని మొదటనే చేసియుండవలసినది.

కావున పెద్దలకు నా మనవి ఇది. ఇంటిలో ఎవరైన వచ్చి "ఆ నవల సినిమాగా వచ్చినదా?" అని అడిగినప్పుడు, ఒక్కమారు పేరు కొట్టి చూచి "లేదు" అని చెప్పవలదు. రచయిత పేరుతో అడుగుడు, వేరు భాషలలో అడుగుడు, పరంపర పైకెక్కి అడుగుడు. అప్పటికిని రానిచో, "ఇంతవరకు దొరకలేదు" అని మాత్రమే చెప్పుడు. మిగిలిన వెదకులాటను మరియొకరు చేయుదురు.